చేపలో దొరకని విషం

విషం దొరికిందని లడ్డూలు పంచిన మనిషిని నేను. ఈ మాట ముందే ఒప్పేసుకుంటే, తర్వాత చెప్పబోయే నీతులు మీకు కాస్త తేలిగ్గా దిగుతాయని ఆశ.

ఈమధ్య మా పాత ఫోరెన్సిక్ ప్రయోగశాలలో కొత్తగా చేరిన పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని పిలిస్తే వెళ్లాను. నాలుగు మాటలకు పిలిస్తే నలభై చెప్పడం రిటైరైనవాడి జన్మహక్కు కాబట్టి అలాగే చెప్పాను. చివర్లో ఒకమ్మాయి లేచి, "సార్, ఈ పనిలో జాబ్ శాటిస్‌ఫాక్షన్ ఉంటుందా?" అని అడిగింది.

"బోలెడు," అన్నాను.

"ఎక్కడుంటుంది సార్?"

మా వాళ్లతో వచ్చిన తంటా ఇదే. ఉందంటే వదలరు. ఎక్కడుంది, ఎంతుంది, ఎలా తేల్చావు అని అడుగుతారు. నాకు వెంటనే జవాబు తోచక, టీ చల్లారిపోతోందమ్మా అని తప్పించుకున్నాను. బందరు బస్సెక్కి, కిటికీ పక్కన సీటు దొరికాక గానీ జవాబు తట్టలేదు. ఇది ఆ అమ్మాయి కోసం రాస్తున్నాను. మిగతావాళ్లు చదివినా కేసు పెట్టను.

ఎక్కడ ఉండదో ముందు చెప్తాను

మర్యాదలో ఉండదు. మాది గుడ్లవల్లేరు దగ్గర పల్లె. మా నాన్న పగలు బడిలో పాఠాలు చెప్పేవారు, ఆదివారం చర్చిలో పాటలు పాడించేవారు. నా పెళ్లిచూపుల్లో రూతు వాళ్ల మేనమామ, "ఏం చేస్తుంటావు బాబూ?" అని అడిగారు.

"విషాలు పరీక్షిస్తుంటానండి."

ఆయన ముందుకు వంగి, "ఎలా, నాలిక్కి రాసుకునా?" అన్నారు.

ఆ సంబంధం ఎలా కుదిరిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. రూతును అడిగితే, "విషం తెలిసినవాడు నా వంటకు వంక పెట్టడని," అంటుంది. పెట్టలేదు కూడా. పెళ్లిళ్లలో మాత్రం నా పక్క కుర్చీ ఖాళీగా ఉండేది. పొద్దున్నే ఏం కోసి వచ్చాడో అని జనానికి అనుమానం. నేను కోసేవాణ్ణి కాదు, కోసినవి నా దగ్గరికి వచ్చేవి. ఈ తేడా బంతిభోజనాల్లో వివరించి చెప్పేది కాదు.

కోర్టులోనూ ఉండదు. గుడివాడ కోర్టులో ఒక ప్లీడరుగారు పొద్దుటి నుంచి నన్ను వరండాలో కూర్చోబెట్టి, సాయంత్రం బోనెక్కించి, "మీరు డాక్టరా?" అన్నారు. కాదండి అన్నాను. "పోలీసా?" కాదండి. "మరి మీరెవరు?" "సాక్షినండి," అన్నాను. జడ్జిగారు నవ్వి నన్ను పంపించేశారు. ఆ రోజు నేను చెప్పిన సాక్ష్యం మొత్తం అంతే.

అన్నిటికంటే పెద్ద లోటు, కథ చివర మనకు తెలియకపోవడం. పార్సిలు వస్తుంది, పరీక్ష చేస్తాం, రిపోర్టు పంపుతాం. ఆ తర్వాత ఎవరు ఏడ్చారో, ఎవరు బయటపడ్డారో మనకెవరూ చెప్పరు. ప్రతి సినిమాకూ ఇంటర్వెల్ దాకానే టికెట్టు. చేరిన కొత్తలో నాకిది దుర్భరంగా ఉండేది. అందుకని సంతృప్తికి నేనే ఒక దగ్గరిదారి కనిపెట్టాను. విషం దొరికితే గెలుపు, దొరక్కపోతే ఓటమి. ఇంతకంటే తెలివితక్కువ కొలత ఇంకోటి ఉండదని తెలియడానికి నాకు సరోజినిగారు కావలసి వచ్చారు.

సరోజిని మేడమ్

ఆవిడ మా విభాగానికి పెద్ద. ఉయ్యూరు మనిషి. చెరకు పండే ఊరి నుంచి వచ్చినా మాటలో తీపి తక్కువ. తెల్లకోటు, నూనె పెట్టి బిగించిన జడ, ముక్కు చివర కళ్లజోడు. రిపోర్టు తీసుకెళ్తే చదివి, చూపుడువేలు ఒక మాట మీద పెట్టేవారు. ఏమీ అనేవారు కాదు. ఆ వేలు కింద తప్పుందని మనమే తెలుసుకోవాలి.

మొదటిసారి ఆ వేలు నిలబడింది "విషం లేదు" అన్న మాట మీద. ఒక మావగారు, అల్లుడు పెట్టిన కాఫీ చేదుగా ఉందని పోలీసులకు ఫిర్యాదు చేశారు. మిగిలిన కాఫీ మా దగ్గరికొచ్చింది. అల్లుడు చికోరీ దండిగా వేశాడు, అంతే. విషం లేదని రాసి పట్టుకెళ్లాను.

"లేదని నీకెలా తెలుసు?" అన్నారు మేడమ్.

"అన్ని పరీక్షలూ చేశానండి."

"చేసిన పరీక్షల్లో కనబడలేదు. అంతవరకే నీకు తెలుసు. 'కనబడలేదు' అని రాయి. లేదని చెప్పడానికి నువ్వేం దేవుడివి కాదుగా, దాసూ."

నా పేరు ప్రభుదాసు. దేవుణ్ణి కాదన్న సంగతి పేరులోనే ఉంది. అయినా ఆవిడ గుర్తు చేస్తూనే ఉండేవారు.

పండుగప్పల చెరువు

ఇక అసలు కేసు. దివిసీమలో, హంసలదీవికి పోయే దారిలో, గుడివాడ ఆసామి ఒకాయన చెరువు తవ్వించి పండుగప్ప చేపలు పెంచేవాడు. ఆ చెరువులోంచి వదిలిన మురికినీళ్లు పక్కనున్న పాయలోకి వచ్చేవి. ఆ పాయలో నాంచారయ్య అనే ఆయన పీతలు పట్టుకుని బతికేవాడు. నీళ్ల గురించి ఇద్దరికీ మాటామాటా పెరిగింది. "నా పీతల్ని చంపుతున్నావు, నీ చెరువులో చేపలూ ఇలాగే తేలిపోను," అన్నాడట నాంచారయ్య, పదిమంది వింటుండగా.

మూడో రోజు తెల్లవారేసరికి చెరువులో చేపలన్నీ నోళ్లు తెరుచుకుని తేలి ఉన్నాయి.

ఇంక సాక్ష్యం ఏం కావాలి? నాంచారయ్య పురుగుమందు కలిపాడని ఆసామి కేసు పెట్టాడు. నాంచారయ్యను రిమాండుకు పంపారు. చెరువు నీళ్లూ, చచ్చిన చేపా మా దగ్గరికి వచ్చాయి.

తెచ్చినవాడు కోటేశ్వరరావు అనే కానిస్టేబులు. మేం ఎగ్జిబిట్లనే సాక్ష్యపు వస్తువులు అప్పజెప్పి, రసీదు వచ్చేలోపు కథంతా చెప్పేసే రకం. ఆ రోజు మాత్రం కథ కొంచెం దిగులుగా చెప్పాడు.

"ఆయన భార్య వెంకాయమ్మ అవనిగడ్డ మార్కెట్లో పీతలూ చేపలూ అమ్ముద్దండి. ఇప్పుడు ఒక్కళ్లూ కొనట్లేదు. విషం కలిపినోడి పెళ్లాం దగ్గర కూర చేపలేంటని. పొద్దున గంప తీసుకొస్తది, మధ్యాహ్నం అదే గంప తీసుకెళ్తది. మీ రిపోర్టు ఎప్పుడొస్తదండీ?"

"వరసలో వస్తుంది," అన్నాను, గంభీరంగా.

నీళ్లు ఒక గాజుసీసాలో ఉన్నాయి. చేప సంగతి మాత్రం చెప్పుకోవాలి. ఐసు దొరకలేదు, ప్రయాణం దూరం, కుళ్లిపోతే సాక్ష్యం పాడవుతుందని స్టేషన్‌లో ఎవరో బాధ్యతగా ఆలోచించారు. చేపను చీల్చి, శుభ్రంగా ఉప్పు పట్టించి, రెండు రోజులు ఎండలో ఆరబెట్టి, అట్టపెట్టెలో సీలు వేసి పంపారు. మా ప్రయోగశాలలో ఇగురు పెట్టుకోవడానికి పనికొచ్చే ఎగ్జిబిట్ అదొక్కటే. పెట్టె తెరిచేసరికి పక్క విభాగంలో తుపాకిగుళ్లు చూసే ఆయన కూడా, "ఇవాళ ఎవరిదండీ క్యారేజీ?" అంటూ వచ్చాడు.

లడ్డూలు

నేను ముందు నీళ్ల పని పట్టాను. మా పద్ధతిలో, నీళ్లలో ఉన్న మందును ద్రావకంలోకి లాగి, పొడి పూసిన గాజుపలక మీద ఒక చుక్క పెట్టి, పైకి పాకనిస్తాం. మందు ఉంటే పలక మీద మచ్చ పడుతుంది. పడింది. అంత ముద్దైన మచ్చ నేను అంతకుముందు చూడలేదు. పురుగుమందు, సందేహం లేదు. ఆ మచ్చ ఎవరి బతుకు మీద పడుతుందో ఆ క్షణంలో తోచలేదు. పక్క సందులో బందరు లడ్డూలు అమ్మే కొట్టుంది, అది మాత్రం తోచింది.

అందరికీ పంచాను. మేడమ్‌కి ఇవ్వబోతే, "పెళ్లా?" అన్నారు.

"దివిసీమ చెరువు కేసులో మందు దొరికిందండి."

"ఎక్కడ?"

"నీళ్లలోనండి."

"చేపలో?"

"చేప ఇంకా చూడలేదండి. నీళ్లలో ఉందంటే చేపలో ఉంటుంది కదండీ."

ఆవిడ లడ్డూను మళ్లీ నా డబ్బాలోనే పెట్టారు. "చేపను అడిగి రా," అన్నారు.

అడిగాను. చేప మొప్పలు విడిగా, కొవ్వు విడిగా, కండ విడిగా. ఆ మందు కొవ్వు కనిపిస్తే వదిలేది కాదు, ఉప్పు పెట్టినా ఎండబెట్టినా పోయేది కాదు. గాజుపలక తుడిచిన అద్దంలా ఉంది. మళ్లీ చేశాను. మళ్లీ అద్దమే. అందులో నా మొహం కనిపించింది. అదీ చూడదగ్గదిగా లేదు.

మేడమ్ దగ్గర నిలబడి, చేప కండలో మందు ఇంకలేదేమో అన్నాను. పోనీ ఎండలో పోయిందేమో అన్నాను. నీళ్లలో దొరికింది చాలుగా, రిపోర్టు ఇచ్చేద్దామా అని కూడా నసిగాను. లడ్డూలు తిన్నవాళ్ల మొహాలు నాకు గుర్తొస్తున్నాయి మరి.

"దాసూ, నీళ్ల నిండా మందుంది. ఆ నీళ్లు తాగి, ఆ నీళ్లే పీల్చి చచ్చిన చేపలో లేదు. అంటే ఆ చేప ఎక్కడ చచ్చింది? ఆకాశంలోనా?"

ఆవిడే మళ్లీ అందుకున్నారు.

"చేప అబద్ధం చెప్పదు. నీళ్లు కూడా చెప్పవు. మధ్యలో ఇంకెవరున్నారో చూడు."

మధ్యలో ఉన్నది సీసా. ఆ మాట తట్టడానికి నాకు ఒక పూట పట్టింది. మూత విప్పి, లోపల అతికించి ఉన్న చిన్న అట్టబిళ్లను ఊడదీసి పరీక్ష చేశాను. మచ్చ కాదు, పలక మీద చెరువే వచ్చింది. సీసాలోని నీళ్లకంటే మూతలోనే మందు ఎక్కువ.

కోటేశ్వరరావు శుభ్రత

కోటేశ్వరరావును పిలిపించాం. అతనికి తప్పు చేశానన్న అనుమానం కూడా లేదు. పైగా గర్వంగా ఉన్నాడు.

"సీసా ఎక్కడిది?" అన్నారు మేడమ్.

"ఆసామి చెరువు దగ్గర షెడ్డులోదండి. గాజుసీసా, మూత బిగుతుగా ఉండాలని మీరేగా చెప్పారు. అంత బిగుతు మూత ఇంక దేనికీ లేదండి. లేబులు కూడా ఊడిపోయి చక్కగా ఉంది."

"కడిగావా?"

"కడక్కుండానా అండీ? ఏ నీళ్లు పట్టాలో ఆ నీళ్లతోనే కడగాలని ట్రైనింగులో చెప్పారుగా. చెరువునీళ్లతో చేతులు నొప్పెట్టేలా కడిగానండి."

మా డెల్టాలో పురుగుమందు సీసాకు చావులేదు. పొలంలో పని అయ్యాక కిరోసిన్ సీసాగా పుడుతుంది. తర్వాత షెడ్డులో మోటారు నూనె సీసా. ఆ తర్వాత ఈ కేసులో సాక్షి. కోటేశ్వరరావు నిబంధన ఒక్కటీ తప్పలేదు. అన్నీ పాటించి, అమాయకమైన చెరువునీటికి విషం అంటగట్టాడు. నేను ఆ విషానికి లడ్డూలు పంచాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"అంటే, నాంచారయ్యని జైల్లో పెట్టింది ఆ మూతేనా అండీ?" అన్నాడు మెల్లగా.

"రిమాండుకు పంపింది అతని నోటిమాట. శిక్ష వేయించబోయింది ఆ మూత," అన్నారు మేడమ్. "దాసూ, రిపోర్టు నువ్వే రాయి."

రాశాను. చేపలో పురుగుమందు కనబడలేదు. నీటిలో కనబడిన మందు సీసా మూతలో అంతకంటే ఎక్కువగా ఉంది. కాబట్టి ఆ నీటి నమూనాను చెరువు నీరుగా పరిగణించలేము. మేడమ్ చదివారు. చూపుడువేలు బయటికి తీశారు. అది కాగితం మీద ఎక్కడా ఆగకుండా చివరిదాకా వెళ్లి, నేను సంతకం చేయాల్సిన చోట నిలబడింది.

పిల్లలూ, ఆ అమ్మాయి అడిగిన "ఎక్కడ?" అన్నదానికి జవాబు అదీ. ఆ వేలు ఆగకుండా వెళ్లిన దారిలో ఉంది. ఏమీ దొరకలేదని రాసి, దొరికినదానికంటే ఎక్కువ ఆనందపడగలిగితే మీకు ఈ పని పట్టుబడినట్టు. దొరికినవాటికి లోకమంతా చప్పట్లు కొడుతుంది. దొరకనివాటికి మనమే కొట్టుకోవాలి, అదీ మనసులో.

ఇంటర్వెల్ తర్వాత

ఈ ఒక్క కేసులో మాత్రం ఇంటర్వెల్ తర్వాత కథ కూడా చూశాను. ఇంకో ఎగ్జిబిట్టుతో వచ్చిన కోటేశ్వరరావు, రసీదు రాకముందే మొదలెట్టాడు. మబ్బులు పట్టిన రోజుల్లో చెరువులో ఆక్సిజన్ పడిపోయి చేపలు తెల్లారేసరికి తేలిపోతాయని చేపల శాఖ ఆఫీసరు చెప్పాడట. కేసు కొట్టేశారు. నాంచారయ్య ఇంటికొచ్చాడు.

"మరి వెంకాయమ్మ బేరం?" అన్నాను.

"అదే చెప్తున్నానండి. కేసు పోయినా జనం ముందుకి రాలేదు. నువ్వు కొను నువ్వు కొను అని చూస్తన్నారు. ఆ సీసా పట్టుకొచ్చింది నేనేగా సార్. యూనిఫాం ఏసుకుని, మార్కెట్టు నిండా జనం ఉన్నప్పుడు ఎళ్లి, గంపలో పెద్ద చేప చూపించి ఇదియ్యమ్మా అన్నాను. మర్నాడు ఎస్సైగారి చేత కూడా కొనిపించాను. మూడో రోజుకి నాకే మిగల్లేదండి."

ప్రయోగశాలలో ఎవరూ చూడకుండా ఎలా గంతులేయాలో ఆ రోజు నేర్చుకున్నాను. స్టోరురూము తలుపు వేసుకుంటే సరిపోతుంది.

కొన్నాళ్లకు నాంచారయ్యా వెంకాయమ్మా గేటు దగ్గరికి వచ్చారు. గంపలో పీతలు. మామూలువి కావు, అరచేతికి పట్టనివి, డెక్కలకు తాళ్లు కట్టినవి. రిపోర్టు ఎవరిచ్చారో వాళ్లకు తెలియదు, ఈ బిల్డింగులోంచి వచ్చిందని మాత్రం తెలుసు. మేడమ్ కిందికి దిగారు. వెనకాల నేను, పీతల మీద చూపుతో.

"ఇవన్నీ తీసుకోకూడదయ్యా," అన్నారు మేడమ్.

"లంచం కాదండమ్మా, పీతలండి," అన్నాడు నాంచారయ్య.

"పీతలైనా అంతే."

వెంకాయమ్మ ఊరుకోలేదు. "పని కాకముందు ఇస్తే లంచం గానీ, అయ్యాక ఇస్తే మర్యాద కదమ్మా?"

"మేం చేసింది మీ పని కాదమ్మా. మా పని. రేపు మీకు వ్యతిరేకంగా దొరికితే అదీ ఇలాగే రాస్తాం. అప్పుడు మీరొచ్చి తిట్టకూడదు, ఇప్పుడు మీరొచ్చి పెట్టకూడదు."

వెంకాయమ్మ అర్థమైనట్టు తలూపింది. "సర్లెండి. ఇక్కడ ఉద్యోగం లేనప్పుడు మా ఇంటికి రండి, అప్పుడు పెడతాను," అంది. గంప నెత్తికెత్తుకుంది. పీతలు పక్కకే నడుస్తాయని అందరికీ తెలుసు, మా మేడమ్ అలా ఒక్క అడుగు కూడా వేయలేరు. ఆవిడ చేసింది సరైనదే. కానీ సరైన పని చూసినప్పుడల్లా కడుపు నిండాలని ఎక్కడా లేదుగా. ఆ సాయంత్రం ఇంట్లో సొరకాయ కూర. నేను మేడమ్‌ని క్షమించలేదు.

కక్ష

మేడమ్ ఎప్పుడో రిటైరై ఉయ్యూరులో ఉంటున్నారు. నేను మొన్నీమధ్యే రిటైరై బందరులో స్థిరపడ్డాను. పిల్లలకు మాటలు చెప్పి వచ్చిన కొద్దిరోజులకు ఆవిడకు ఫోన్ చేసి, "కృష్ణ సముద్రంలో కలిసేచోటు చూద్దాం రండి మేడమ్," అన్నాను. రూతూ నేనూ కారులో వెళ్లి ఎక్కించుకున్నాం. దారిపొడవునా వరి. హంసలదీవిలో నది ఎక్కడ ఆగి సముద్రం ఎక్కడ మొదలైందో చూపించమన్నారు మేడమ్. చూపించలేకపోయాను. "నిర్ధారించలేము అని రాయి," అన్నారు.

ఆకలి వేళకు వెనక్కి తిరిగి, పాయ పక్కన ఒక పెంకుటింటి ముందు కారు ఆపాను. తెలిసినవాళ్ల ఇల్లని మాత్రం చెప్పాను. వృద్ధురాలైన ఇల్లాలు చాపలు వేసింది. వేడి అన్నం, మామిడికాయ వేసిన పీతల పులుసు. మేడమ్ డెక్క పగలగొట్టే తీరు చూసి రూతు వడ్డించడం మరిచిపోయింది. ఇన్నేళ్లూ ఆవిడకు పీతలంటే ఇష్టం లేదేమోనన్న చిన్న అనుమానం నాలో ఉండేది. అది అక్కడ కొట్టేయబడింది.

కంచంలో పెంకులు తప్ప ఏమీ మిగలని సమయం చూసి, "మేడమ్, ఈవిడ వెంకాయమ్మగారు. ఆయన నాంచారయ్యగారు. పండుగప్పల చెరువు," అన్నాను.

ఆవిడ కళ్లజోడు ముక్కు చివరికి జారింది. వెంకాయమ్మను చూశారు, నాంచారయ్యను చూశారు, కంచాన్ని చూశారు. "అంటే," అన్నారు, "నా చేత ఎగ్జిబిట్టు తినిపించావు."

"ఇప్పుడు మనకిద్దరికీ ఉద్యోగాల్లేవండి. రిపోర్టు ఏంటో చెప్పండి మేడమ్."

నమూనా చిన్నదై, పరీక్షలోనే మొత్తం అయిపోతే మేము రిపోర్టు అడుగున ఒక వాక్యం రాస్తాం. మేడమ్ కంచం కాస్త ముందుకు జరిపి ఆ వాక్యమే చెప్పారు.

"నమూనా మొత్తం పరీక్షలోనే ఖర్చయిపోయింది."

"అయితే ఒక్క నమూనాతో తేల్చలేం కదండీ," అని వెంకాయమ్మగారి చేతిలోంచి గరిటె తీసుకుని, ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్ద పీతను నా చేత్తో నేనే మేడమ్ కంచంలో వేశాను. ఈసారి తిప్పి పంపలేదు.